మూడో తరగతి బెంగ

లోకంలో బెంగ లేని మనిషి లేడని ఇంతకాలం అనుకున్నాం. అది నిబంధనల ప్రకారం తప్పు. మనిషికి బెంగ ఉన్నదీ లేనిదీ చెప్పవలసింది ఆ మనిషి కాదు. సుంగై సుమున్ బజారులో, కాఫీ కొట్టు పైన, ఇరవై రెండు మెట్లెక్కితే వచ్చే కార్యాలయం చెప్పాలి. కుటుంబ ఆర్థిక ఆందోళనల నమోదు, నిర్ధారణ, నివారణ కార్యాలయం అని దాని పూర్తి పేరు. బోర్డు మీద చోటు చాలక నివారణ అన్న మాట వదిలేశారు. జనం మాత్రం రిసావ్ ఆఫీసు అంటారు. రిసావ్ అంటే మలయ్‌లో బెంగ.

పైవాళ్ళు దీన్ని ఊరికే పెట్టలేదు. బియ్యం ధర, నూనె ధర, ఆరు నెలలకో సంతకంతో నడిచే ఉద్యోగాలు, ఇవన్నీ కలిసి జనానికి నిద్ర చెడగొడుతున్నాయని, నిద్ర చెడినవాళ్ళు పనిలో తూలుతున్నారని, తూలినవాళ్ళు ఓటు ఎటు వేస్తారో చెప్పలేమని ఒక కమిటీ రెండేళ్ళు కూర్చుని కనిపెట్టింది. (అడిగితే మనమే చెప్పేవాళ్ళం. అడిగారు కూడా. ఆ సంగతి వస్తోంది.) ధరలు తగ్గించడం పెద్ద పని. బెంగ కొలవడం చిన్న పని. పద్ధతి ప్రకారం చిన్న పనితో మొదలుపెట్టారు.

కొలతలో అయిదు తరగతులున్నాయి. మొదటి తరగతివాళ్ళు ప్రశాంతులు. వీళ్ళకి ప్రశాంతత పత్రం ఇస్తారు. కంపెనీలు ఈమధ్య పనిలో పెట్టుకోవడానికి ఆ పత్రం అడుగుతున్నాయి. నాలుగు, అయిదు తరగతులవాళ్ళు బెంగపడినవాళ్ళు. వీళ్ళకి నెలనెలా ఒక పెట్టె వస్తుంది. అందులో బియ్యం, నూనె, చేపల డబ్బాలు, రెండు కిలోల పంచదార ఉంటాయి. (పంచదార ఎక్కువైనవాళ్ళకీ పంచదారే.) రెండో తరగతివాళ్ళు ఆర్నెల్లకోసారి వచ్చి కనిపించాలి. ఇక మూడో తరగతి. వాళ్ళకి పత్రమూ రాదు, పెట్టే రాదు. ఒక ఉపన్యాసం వినే హక్కు మాత్రం ఉంది.

ఇక మనవాళ్ళ సంగతి. తాతల కాలంలో విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ మలేసియాకి వచ్చి బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో దిగినవాళ్ళ మనవలం మనం. తోటలో తెల్లారకముందే పెరట్టు అని ఒకటి ఉండేది. కూలీలని వరసలో నిలబెట్టి కిరాణి అనే గుమాస్తా పేర్లు పిలిచేవాడు. పక్కనే దొర. ఎలా ఉన్నారని దొర అడిగితే బాగున్నాం దొరా అనాలి. జ్వరం అన్నవాడికి ఆ రోజు పని లేదు. పని లేకపోతే కూలి లేదు. అందుకని ఒళ్ళు కాలుతున్నా బాగున్నామనే అన్నారు. పాము కరిచినవాడొకడు బాగున్నానని చెప్పి, ఆ తర్వాతే కింద కూలబడ్డాడని చెబుతారు.

దొరలు పోయారు. పెరట్టు పోయింది. ఆ మాట మాత్రం మన నోట్లో ఉండిపోయింది. బల్ల వెనక ఎవరు కూర్చున్నా సరే, చేతిలో కాగితం ఉంటే చాలు, మన నోరు దానంతటదే బాగున్నామంటుంది. పళ్ళ డాక్టరు ముందు కూడా ఈ మాటే చెప్పి, వాచిన దవడతో ఇంటికి తిరిగొచ్చినవాళ్ళు మనలో ఉన్నారు. పేర్లు ఎందుకు, అందరం బంధువులమే.

రిసావ్ ఆఫీసువాళ్ళు మన వీధికి వచ్చి తెలుగు సంఘం హాల్లో శిబిరం పెట్టిన రోజున జరిగింది అదే. వచ్చిన అధికారి పేరు పువాన్ సల్మా. పువాన్ అంటే అమ్మగారు. చిన్న వయసు మనిషి, మంచి మనిషి. చేతిలో పలకంత ఫోను. అందులో నలభై ఒక్క ప్రశ్నలు. మొదటి ప్రశ్న, ఎలా ఉన్నారు. దానికి బాగున్నామని జవాబు వస్తే మిగతా నలభై అనవసరమని ఆ ఫోను అనుకుంటుంది. ఒక పువ్వు బొమ్మ చూపించి, ధన్యవాదాలు అని మూసేస్తుంది. ఆ రోజు నూట నలభై మూడు మంది వరసలో నిలబడ్డారు. నూట నలభై మూడు పువ్వులు పూశాయి. (శిబిరంలో పూసిన పువ్వుకి పత్రం రాదు, దానికి ఆఫీసు మెట్లెక్కాలి.) మూడు రోజులు పడుతుందనుకున్న పని మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది.

నెల తిరక్కుండా జిల్లా మొత్తంలో ప్రశాంతమైన వీధి మనదేనని తేలింది. సంఘం కార్యదర్శి శంకర్‌కి ఒక షీల్డు ఇచ్చారు. పెట్టెలన్నీ లారీలో పక్క ఊరికి పోయాయి. శంకర్ షీల్డు పట్టుకుని ఫొటో దిగి, లారీ వెళ్ళిపోయాక, బియ్యం ఏవని అడిగాడు.

ఆ వరసలో పదిహేడోవాడు అప్పడు. అరవై ఏడేళ్ళు. పామాయిల్ గెలలు తూచే ఒక యార్డులో గేటు దగ్గర జాగా. జాగా అంటే ఇక్కడ కాపలా మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే గేటు, గేటు పక్కనే కంపెనీ ఇచ్చిన ఇల్లు. పని ఉన్నన్నాళ్ళే ఇల్లు. మాట తక్కువ మనిషి. లారీ వస్తే గేటు తీస్తాడు, పోతే వేస్తాడు. గేటు పనికి మాటలతో అవసరం లేదు కనుక అలాంటివాడే కావాలని కంపెనీ అనుకుంది, అలాంటి పనే కావాలని ఆయనా అనుకున్నాడు. ఆయన భార్య నరసమ్మకి మాత్రం ఈ ఏర్పాటు గురించి ఎవరూ ముందుగా చెప్పలేదు.

శంకర్ మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. ఏది బాగుచేయాలన్నా ముందు మొత్తం విప్పేస్తాడు. ఈ వ్యవహారమూ అలాగే పట్టాడు. ఆదివారం మధ్యాహ్నం అదే హాల్లో బెంగ చెప్పుకోవడంలో శిక్షణ తరగతి పెట్టాడు. తనే బల్ల వెనక కూర్చుని చేతిలో కాగితం పట్టుకున్నాడు.

"ఇప్పుడు నేను రిసావ్ ఆఫీసరుని. ఎలగున్నారు అని అడుగుతాను. మీరేటి సెప్పాల?"

"బాగున్నాం!" అంది హాలు మొత్తం.

"అదే ఒద్దన్నాను గదా లా! సుసా అనాల. కట్టంగా ఉన్నాది అనాల. ముందర ఊపిరి ఒదలాల, తరవాత మాట. ఏదీ, ఒదలండి."

హాలు ఊపిరి వదిలింది. ముందు బెంచీలో ఎవరికో నవ్వొచ్చింది. నవ్వు వెనక్కి పాకింది.

"నవ్వితే పెట్టి రాదు," అన్నాడు శంకర్. "పెద్దయ్యా, నువ్వు సెప్పు. ఎలగున్నావు?"

అప్పడు లేచి నిలబడ్డాడు. చాలాసేపు ఆలోచించాడు. చివరికి, "బొలె లా," అన్నాడు. ఫరవాలేదు, సాగుతోంది అని దానికి అర్థం, చివరి లా ఇక్కడి ఊతపదం.

"నువ్వింటికెల్లిపో పెద్దయ్యా. ఉన్నవోలని కూడా సెడగొట్టేసీలాగున్నావు."

అప్పడు వెళ్ళిపోయాడు. నరసమ్మ ఉండిపోయింది. పాఠాలన్నీ విన్నది. కొందరికి పాట వస్తుంది, కొందరికి వంట వస్తుంది. నరసమ్మకి ఏం వస్తుందో అరవై రెండేళ్ళ వయసులో తెలిసింది.

మరుసటి వారం ఆమె తిరిగి నమోదుకి వెళ్ళింది. మోటారు సైకిలు మీద తీసుకెళ్ళిన అప్పడు పక్క కుర్చీలో కూర్చున్నాడు. పువాన్ సల్మా మలయ్‌లో అడిగింది, ఎలా ఉన్నారు ఆంటీ అని. నరసమ్మ శంకర్ చెప్పినట్టే ఊపిరి వదిలింది. అంతవరకే శిక్షణ. ఆ తర్వాత వచ్చిందంతా ఆమెది. మలయ్‌తో మొదలై, తమిళంలోకి మళ్ళి, తెలుగులో పడి, ఒక గంటా పది నిమిషాలు సాగింది. సల్మాకి తెలుగు రాదు. కానీ రాయడం ఆపలేదు.

"పిల్ల నాగవల్లి కిళ్ళాన్‌లో గ్లౌజుల ఫ్యాక్టరీలో ఉన్నాది పువాన్. ఓవర్‌టైమ్ తీసేసినారంట. ఫోన్ సేసి నవ్వుతాది. అది నవ్వితే నాకు బయం. ఈ మనిసి మోటారు సైకిలు టైరు అరిగిపోయినాది. వానొస్తే గేటుకాడికి ఎళ్ళి రోడ్డు మీదకి సూత్తాను. ఆ ఇల్లు మాది కాదు. ముప్పయ్యొక్క ఏళ్ళు ఉన్నాను, గోడకి ఒక్క మేకు కొట్టినేదు. రేపు ఇచ్చీమంటే కన్నం కనిపిత్తాది గదా. మా అమ్మ పొటో ఇప్పటికీ పెట్టిలోనే ఉన్నాది."

అప్పడు తలెత్తి ఆమె వైపు చూశాడు.

"ఈయన రేతిరి లేచి కూకుంటాడు. నేను పడుకున్నట్టే ఉంటాను. నేను పడుకున్నాననీసి ఈయన అనుకుంటాడు. ఇద్దరం అలగే తెల్లారుత్తాం."

అయిదో తరగతి. నలభై ఒక్క ప్రశ్నల్లో మొదటిది తప్ప ఒక్కటి కూడా అడగకుండా అయిదో తరగతి వచ్చిన మనిషి జిల్లాలో ఆమె ఒక్కతే అని తర్వాత తెలిసింది. ఆ నెలే పెట్టె వచ్చింది. వీధిలో ఆమెకి గౌరవం పెరిగింది. శంకర్ ఆమెని తన శిష్యురాలు అని చెప్పుకున్నాడు.

పెట్టె వచ్చిన తొమ్మిదో రోజున కంపెనీ నుంచి కాగితం వచ్చింది. గేటుకి కెమెరా పెడుతున్నారు. కెమెరాకి తోడు ఒక జాగా చాలు. ఉన్నది ఇద్దరు, పగలు అప్పడు, రాత్రి నాగప్పన్. బెంగ ఉన్నవాడు తనలోకి చూసుకుంటాడు తప్ప గేటు వైపు చూడడు కనుక, నెలలోపల ఎవరు ప్రశాంతత పత్రం తెస్తే వారికే పని, వారికే ఇల్లు, ఇద్దరూ తెస్తే పాత మనిషికి. కాగితం చివర కంపెనీవారు ఇద్దరికీ మంచి ఆరోగ్యం కోరారు.

కోరినట్టు ఆరోగ్యం ఎలా ఉందో చూపించుకుందామని అప్పడు క్లినిక్కుకి పోయాడు. రక్తపోటు నూట తొంభై. నర్సు రెండుసార్లు కొలిచింది.

"ఏమైనా బెంగ ఉందా అంకుల్?"

నర్సు బల్ల వెనక కూర్చుని ఉంది. చేతిలో కాగితం ఉంది.

"లేదు మిస్సీ," అన్నాడు అప్పడు.

అయితే ఉప్పే అయి ఉంటుందని నర్సు రాసింది. ఆ నెలంతా ఇంట్లో ఉప్పు లేని కూర.

అప్పడు, నాగప్పన్ కలిసే రిసావ్ ఆఫీసుకి వెళ్ళారు. ఉద్యోగం ఒకటే అయినా మోటారు సైకిలు కూడా ఒకటే. మెట్లెక్కి వచ్చినవాడి గుండె కొట్టుకునే వేగం కొలిస్తే ఎవరైనా అయిదో తరగతే కనుక, వచ్చినవాళ్ళని అరగంట కూర్చోబెట్టాలని నిబంధన. పైన ఫ్యాను తిరుగుతోంది. నాగప్పన్ రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాడు, పైగా చక్కెర జబ్బు మనిషి. అయిదు నిమిషాల్లో గురక. నిరీక్షణలో నిద్రించిన అభ్యర్థిని ప్రశాంతుడిగా భావించాలని పధ్నాలుగో నిబంధన చెబుతోంది. ఆ విధంగా కాపలా ఉద్యోగానికి తగినవాడని ఒక మనిషి నిద్రలో రుజువైంది. లేపింది అప్పడే.

"అణ్ణే, పేరు పిలిచినారా?" అని కళ్ళు నులుముకున్నాడు నాగప్పన్.

"నీది అయిపోయినాది. పత్రం ఇచ్చేసినారు."

"నన్నేటీ అడగనేదే!"

"అదే మంచిదయినాది."

అప్పడి వంతు వచ్చింది. ఎలా ఉన్నారు అని సల్మా అడిగింది. బాగున్నానన్నాడు. పువ్వు పూసింది. మొదటి తరగతి. అప్పడు లేవబోయాడు. అప్పుడే ఫోను ఒకసారి కుయ్యిమంది. ఇంటి చిరునామా పట్టుకుని వెతికి, అదే ఇంట్లో అయిదో తరగతి మనిషి ఒకామె ఉందని కనిపెట్టింది. ఒక ఇంటికి ఒకే బెంగ. ఒకటీ అయిదూ కలిపి సగం చేస్తే మూడు. (బడిలో కూడా ఆయన ఆగిపోయింది మూడో తరగతిలోనే.)

"మూడో తరగతికి పత్రం రాదు అంకుల్," అంది సల్మా. నిజంగానే నొచ్చుకుంది. "ఉపన్యాసం ఉంది. వస్తారా?"

వెళ్ళాడు. కౌలాలంపూర్ నుంచి వచ్చిన పెద్దమనిషి బెంగని బలంగా మార్చుకోవడం ఎలాగో గంటన్నర చెప్పాడు. ఆయనకి బాగా తెలుసు, ఆయనది పర్మనెంటు ఉద్యోగం. చివర్లో అందరికీ ఒక కరిపాప్ ఇచ్చారు, కూర పెట్టిన కజ్జికాయ లాంటిది. అప్పడు దాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

"ఏటయినాది మావా?" అంది నరసమ్మ.

"మూడో తరగతంట."

"ఎవులికి?"

"ఇంటికి."

నరసమ్మ కరిపాప్ రెండు ముక్కలు చేసింది. పెద్ద ముక్క ఆయనకిచ్చింది. "మూడంటే ఏటి? మంచిదా?"

"నాది ఒకటి. నీది అయిదు."

ఆమెకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. చేతిలో ముక్క పళ్ళెంలో పెట్టేసింది. "అయితే నా మూలాన నీ పని పోతాదేటి?"

కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. అప్పడికి ఆ ఒక్కటీ సమయానికి రాలేదు.

"నా బెంగ ఎనక్కిచ్చేత్తాను," అంది నరసమ్మ. "పెట్టి కూడా ఇచ్చేత్తాను. పంచదార ముట్టనేదు. బియ్యం సగం తినేసినాం, దానికేటి సేత్తారు?"

బెంగ వెనక్కి తీసుకోవడానికి వేరే ఫారం ఉంది. విచారణకి మూడు వారాలు ఆగాలి. ఈలోగా శంకర్ అదే హాల్లో, అదే బల్ల వెనక, ప్రశాంతత శిక్షణ మొదలుపెట్టాడు. ఒక్క నరసమ్మ కోసం కాదు, వీధిలో ఇంకో ఆరిళ్ళలో ఇదే చిక్కు వచ్చింది. వదలడం నేర్పిన ఊపిరిని ఇప్పుడు బిగబట్టడం నేర్పాలి.

"ఎలగున్నావు పిన్నీ?"

"బాగున్నాను."

"ఎందుకు బాగున్నావు?"

నరసమ్మ అతన్ని తేరిపార చూసింది. "ఒరే శంకరా, బాగున్నవోలని ఎందుకు అని ఎవులైనా అడుగుతారేట్రా?"

"అడగరు," అని ఒప్పుకున్నాడు శంకర్. "నువ్వు పాసయిపోతావు."

ఆ మూడు వారాల్లోనే ఉపఎన్నిక వచ్చిపడింది. గొడుగు గుర్తువాళ్ళు జనం బెంగతో తడిసిపోతున్నారని, తామొక్కరే గొడుగు పట్టగలమని అన్నారు. బిందె గుర్తువాళ్ళు బిందె నిండుగా ఉందని, ఎవరికీ బెంగ లేదని, ఉన్నదని చెప్పేవాళ్ళ వల్లే వస్తోందని అన్నారు. ఇద్దరికీ ఫొటోకి ఒక సామాన్యుడు కావలసి వచ్చాడు. రోడ్డు పక్కన, ఎప్పుడూ కదలకుండా కూర్చునే సామాన్యుడు అప్పడు.

గొడుగువాళ్ళ ఫొటోగ్రాఫరు ముందు వచ్చాడు. "అంకుల్, కొంచెం బాధగా చూడండి." అప్పడు చూశాడు. "అబ్బ! చాలు అంకుల్," అని అతను గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

రెండు రోజులకి బిందెవాళ్ళు వచ్చారు. "అంకుల్, కొంచెం ధీమాగా చూడండి." అప్పడు చూశాడు. అదే చూపు. ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే. "పర్ఫెక్ట్ లా!" అన్నారు వాళ్ళు. ఇరుపక్షాలూ తలా ఒక టీషర్టు ఇచ్చారు. వారం తిరిగేసరికి సుంగై సుమున్ రోడ్డుకి ఎడమ పక్క 'ఈయన కన్నీరు మన కన్నీరు' అని, కుడి పక్క 'ఈయన ధీమా మన ధీమా' అని నిలువెత్తు అప్పళ్ళు ఇద్దరు ఎదురెదురుగా నిలబడ్డారు. బజారుకి పోయి వచ్చేటప్పుడు నరసమ్మ మధ్యలో తల వంచుకుని నడిచేది.

ఓట్లు అయిపోయాయి. గొడుగువాళ్ళు గెలిచారు. నెల చివరికల్లా జిల్లాలో బెంగ తగ్గించి చూపిస్తామన్నది వాళ్ళ మొదటి వాగ్దానం. ఆ మరునాడే విచారణ.

పువాన్ సల్మా బల్ల మీద రెండు ఫొటోలు పెట్టింది. ఎన్నికల పోస్టరుని బహిరంగ ప్రకటనగా పరిగణించాలని కొత్త నిబంధన వచ్చిందట.

"ఈ రెండింటిలో మీరు ఎవరు అంకుల్?"

"రెండూ నేనే లా, పువాన్."

"ఇక్కడ బెంగ ఉంది, ఇక్కడ లేదు. ఫైలులో రెండూ ఉండకూడదు అంకుల్." ఆమె గొంతు తగ్గించింది. "మీకు పత్రం కావాలని నాకు తెలుసు. ఇవాళ ఆంటీ ఒక్క మాట చెబితే చాలు, నేను మూసేస్తాను. ఎలా ఉన్నారు ఆంటీ?"

నరసమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఊపిరి బిగబట్టింది. బల్ల కింద చేతిసంచీ పిడి రెండు చేతులతో పట్టుకుంది.

"బాగున్నాను పువాన్. నాకేటి బెంగ? ఏటీ నేదు. అప్పుడేదో వాగీసినాను. ముసలిదాన్ని గదా."

మలయ్‌లో చెప్పినా మాట తడబడలేదు. శంకర్ ఉంటే గర్వపడేవాడు. సల్మా వేలు ఫోను మీదికి వెళ్ళింది. పువ్వు పూయడానికి ఇంకొక్క నొక్కు. కానీ ఆ పిల్ల వేలు అక్కడే ఆగిపోయింది. ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడిగింది.

"నిద్ర పడుతోందా ఆంటీ?"

"ఓ, బాగా పడుతున్నాది."

"అబద్దం," అన్నాడు అప్పడు.

మొదట సల్మాకి ఎవరు మాట్లాడారో అర్థం కాలేదు.

"అది పడుకోదు పువాన్. పడుకున్నట్టు ఉంటాది, అంతే. నేనూ పడుకోను. నాకు బెంగగా ఉన్నాది. పని పోతాదని బెంగ. ఇల్లు పోతాదని బెంగ. ఇది నా కోసం ఇలగ బాగున్నాననీసి సెప్పుకుని బతకాల అని బెంగ."

"ఓలమ్మో! ఏటి మావా ఇది?" నరసమ్మ సంచీ వదిలేసింది. "నలబయ్యేళ్ళు నోరిప్పనేదు. ఇయాలే దొరికినాదేటి నీకు నోరు?"

"నువ్వు సెప్పీసినావు గదే ఆ రోజు. నేనిన్నాను."

"ఇంటే? ఇని ఊరుకోవాల గాని!" అంటూనే చీర కొంగు కళ్ళకి పెట్టుకుంది. కోపంగానే ఉంది. కానీ కుర్చీ ఆయన వైపు జరిపింది.

సల్మా ఫోను బల్ల మీద బోర్లించింది. "అంకుల్, రాయమంటారా? నేను వినలేదని కూడా అనుకోవచ్చు."

"నీకు బెంగ నేదా పువాన్?" అంది నరసమ్మ ఉన్నట్టుండి.

"మాకు ఉండకూడదు ఆంటీ. మాదీ ఆర్నెల్ల సంతకమే." సల్మా నవ్వబోయి మానేసింది. "రాయమంటారా?"

"రాయి," అన్నాడు అప్పడు.

రాసింది. ఒకటీ అయిదూ కాదు ఇప్పుడు, అయిదూ అయిదు. సగం చేసినా అయిదే. ఆ ఇంటి తరగతులు కలిసింది అదే మొదటిసారి. మన తెలివి ఇలా ఉంటుంది. చెప్పవలసినప్పుడల్లా దాచుకున్నాం. దాచుకుంటే ఉద్యోగం వచ్చే ఒక్కరోజూ చూసుకుని నిజం చెప్పాం. ఇంటికి వచ్చేదారిలో మోటారు సైకిలు వెనక నరసమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. అప్పడే మాట్లాడాడు. ఏం చెప్పాడో గాలికి సగం వినపడలేదు. ఆమె మళ్ళీ చెప్పమంది.

ఆ రాత్రి ఇద్దరూ పడుకున్నారు. నిజంగానే.

మూడో రోజున కంపెనీ కాగితం వచ్చింది. గేటు నాగప్పన్‌కి. ఇల్లు నాగప్పన్‌కి. అప్పడి సేవలకి కృతజ్ఞతలు, ఖాళీ చేయడానికి రెండు వారాలు. నాగవల్లి కిళ్ళాన్ నుంచి ఫోన్ చేసింది. ఫ్లాటులో ఇంకో ఇద్దరికి చోటుందని, వంటగది పక్కన పరుపు వేయొచ్చని నవ్వుతూ చెప్పింది.

"నవ్వకే," అంది నరసమ్మ. "కట్టంగా ఉంటే కట్టంగా ఉన్నాదని సెప్పు."

"కట్టంగానే ఉన్నాదమ్మా," అంది నాగవల్లి. "అయినా రండి."

వాళ్ళు సామాను సర్దుకుంటుండగా పైవాళ్ళు నెల చివరి వాగ్దానం నిలబెట్టుకునే పనిలో పడ్డారు. కొత్తగా తొమ్మిదో నిబంధన రాశారు. (ఇంతకుముందు తొమ్మిదికి బదులు ఖాళీ ఉండేది.) ఏది జరుగుతుందని పౌరుడు బెంగపడుతున్నాడో అది జరిగిపోయిన పక్షంలో, ఆ బెంగ తీరినట్టుగా భావించి, సదరు ఫైలు మూసివేయవలెను. చదివితే తప్పు పట్టడానికేమీ లేదు. పోయిన పని మళ్ళీ పోతుందన్న భయం ఎవరికుంటుంది?

బయలుదేరే రోజు పొద్దున నాగప్పన్ ఒక కవరు పట్టుకుని వచ్చాడు. చొక్కా జేబు మీద కొత్త బ్యాడ్జీ ఉంది. దాన్ని చేత్తో కప్పుకున్నాడు.

"అణ్ణే, గేటు కాడికి నీ పేరుతో వచ్చినాది. నేను విప్పనేదు."

లోపల రెండు ప్రశాంతత పత్రాలు ఉన్నాయి. ఒకటి అప్పడి పేరు మీద, ఒకటి నరసమ్మ పేరు మీద. వాన తగిలినా పాడవకుండా ప్లాస్టిక్ అంటించారు. ఏడాది చెల్లుతాయి. అడుగున చిన్న అక్షరాల్లో, ఇకనుంచి పెట్టె రాదని ఉంది.

"ఒకటో తరగతి అణ్ణే!" అన్నాడు నాగప్పన్.

"మరి ఉజ్జోగం?" అంది నరసమ్మ.

"అది... కెమెరా ఒచ్చేసినాది అక్కా."

గెలల లారీ ఒకటి ఖాళీగా కిళ్ళాన్ వైపు పోతుంటే డ్రైవరు ఎక్కించుకున్నాడు. వెనక మంచం, గ్యాసు పొయ్యి, బట్టల మూటలు, చాప చుట్ట. ముందు ఒక్కరికే చోటుంది. ఇద్దరూ వెనకే కూర్చున్నారు. గేటు నాగప్పనే తీశాడు. తీసి, లారీ దాటాక మూయడం మరిచిపోయి నిలబడ్డాడు. పైన కెమెరా అది నమోదు చేసుకుంది.

అదే సమయానికి బజారులో రిసావ్ ఆఫీసు మెట్ల దగ్గర గోడకి నెలవారీ ప్రకటన అంటించారు. వాగ్దానం ప్రకారం జిల్లాలో బెంగ తగ్గుముఖం పట్టిందని, ఒక్క సుంగై సుమున్‌లోనే బెంగపడేవారు ఇద్దరు తగ్గారని అందులో ఉంది.

ఆ ఇద్దరికీ లారీలో ఎండ తగులుతోంది.